వినడం వైద్యమే, అయితే ఏ భాషలో?
కార్ల్ రోజర్స్ మానసిక చికిత్సా విధానంపై ఒక విమర్శ



కష్టం నలుగురితో చెప్పుకుంటే సగం తీరుతుందని మన ఇళ్లలో పెద్దలు అంటూండేవారు. ఈ మాటను ఒక శాస్త్రంగా నిలబెట్టి, దానికి చికిత్సాలయాలలో గౌరవస్థానం సంపాదించిపెట్టినవాడు అమెరికా దేశస్థుడైన కార్ల్ రోజర్స్ (1902–1987). ఆయన 1942లో ఒక గ్రంథం, 1951లో మరొకటి ప్రకటించి, 1961లో వచ్చిన "ఆన్ బికమింగ్ ఎ పర్సన్" అనే గ్రంథంతో సామాన్య పాఠకులకు కూడా చేరువయ్యాడు. ఈనాడు ఏ దేశంలోనైనా కౌన్సిలింగ్ నేర్చుకునే విద్యార్థి మొదటి పాఠాలలోనే ఆయన పేరు వింటాడు.

ఒక కావ్యాన్ని విమర్శించే పద్ధతిలోనే ఒక చికిత్సా విధానాన్ని కూడా విమర్శించవచ్చునని నా అభిప్రాయం. అది మనిషిని గురించి ఏమనుకుంటున్నది? ఎటువంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని పుట్టినది? ఎవరిని చూడకుండా వదిలివేసినది? ఈ మూడు ప్రశ్నలూ రోజర్స్ విధానానికి వేయవలసినవే. అయితే ఒక సిద్ధాంతం బలం అది సుఖంగా చెల్లే చోట తెలియదు, ఇబ్బంది పడే చోట తెలుస్తుంది. అందుచేత దీనిని చికాగో విశ్వవిద్యాలయంలో కాక, ఖతర్ దేశంలో దోహా నగరాన్ని ఆనుకొని ఉన్న అల్ ఘర్రాఫా అనే పేటలో నిలబెట్టి పరీక్షిస్తాను. చెరకు తోటల సంతతివారమైన మనకు ఆ ఎడారి పేటతో ఏమి సంబంధమని అడగవచ్చు. సంబంధమున్నది, అది ముందుముందు తేలుతుంది.

ముందుగా సిద్ధాంతాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. రోజర్స్‌కు పూర్వం మానసిక వైద్యుడంటే రోగి మనసు లోతులను రోగికంటె బాగా ఎరిగినవాడు. ఆయన వ్యాఖ్యానించాలి, రోగి ఒప్పుకోవాలి. రోజర్స్ ఈ వరుసను తలకిందులు చేశాడు. బాధపడే మనిషికే తన బాధ ఎక్కడున్నదో, ఏ దిక్కుగా నడవాలో తెలుస్తుందని ఆయన నమ్మకం. "రోగి" అనే మాటను కూడా వదిలి "క్లయింట్" అన్నాడు. చికిత్స చేసేవాడు మందు ఇవ్వడు, తీర్పు చెప్పడు, దారి కూడా చూపడు. తగిన సంబంధాన్ని మాత్రం కల్పిస్తాడు. ఆ సంబంధంలో మనిషి తనంత తానే ఎదుగుతాడు.

1957లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఆయన, మనిషిలో మార్పు రావడానికి ఆరు షరతులు చాలునన్నాడు. వాటిలో మూడు లోకప్రసిద్ధమయ్యాయి. ఒకటి, ఎదుటివాని బాధను అతని లోపల నిలబడి చూడగలగడం. రెండు, అతడు మంచివాడైనా చెడ్డవాడైనా షరతు పెట్టకుండా ఆదరించడం. మూడు, వినేవాడు లోపల ఒకటి, బయట ఒకటిగా ఉండకపోవడం. ఈ మూడవదానికి మనకు త్రికరణశుద్ధి అనే చక్కని మాట ఉండనే ఉన్నది.

ఈ సిద్ధాంతం గొప్పతనాన్ని మన చరిత్ర తెలిసినవారు త్వరగా గ్రహిస్తారు. 1860లో నాటాలుకు, 1903 మొదలు మద్రాసు రేవునుంచి ఫిజీకి, అంతకుముందే కోరంగి తీరంనుంచి మారిషస్‌కు ఓడలెక్కిన మన ముత్తాతలను ఒప్పందపు కాగితాలు అంకెలుగా చూశాయి. వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, కులం, ఊరు ఇవి రాసుకున్నారు. మనసులో ఏమున్నదని ఎవరూ అడగలేదు. సి. ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు. డబ్ల్యు. పియర్సన్ అనే ఇద్దరు సహృదయులు 1915లో ఫిజీకి వెళ్లి, 1916లో ప్రకటించిన నివేదికలో అక్కడి భారతీయ కూలీల ఆత్మహత్యలను గురించి కలత చెందుతూ రాశారు. నూరుగురు పురుషులకు నలభైమంది స్త్రీలు అనే నియమం, ఒకే గదిలో కుక్కిన కూలి లైన్లు, బంధువులనుంచి తెగిపోయిన బ్రతుకు, ఇవి అందుకు కారణాలన్నారు. ఆనాడు అక్కడ బ్రతికి బట్టకట్టినవారిని నిలబెట్టినది ఏ వైద్యమూ కాదు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరికొకరు అన్నదమ్ములయ్యారు. ఉత్తరాదివారు దీనినే జహాజీ భాయి సంబంధమన్నారు. రక్తసంబంధం లేని చోట చెప్పుకునే సంబంధమొకటి పుట్టించుకున్నారు. సంబంధమే మందు అని రోజర్స్ అన్నప్పుడు, మన ముత్తాతలు అనుభవించిన సత్యాన్నే ఆయన చెప్పాడు.

పరిశోధకులు కూడా దీనిని కాదనలేదు. పెద్దల మానసిక చికిత్సలో వైద్యునికీ బాధితునికీ మధ్య గల సంబంధాన్ని గురించి జరిగిన 295 అధ్యయనాలను కలిపి 2018లో లెక్క కట్టారు. సంబంధం బలంగా ఉన్న చోట ఫలితం మెరుగ్గా ఉన్నదని తేలింది. చికిత్స పద్ధతి ఏదైనా సరే ఇదే కనిపించింది. ఆ పొత్తును సూచించే అంకె సుమారు 0.28. అంటే ఫలితాలలో కనిపించే తేడాలలో వందకు ఎనిమిది పాళ్లు ఈ సంబంధంతో ముడిపడి ఉన్నవన్నమాట. ఇది చిన్నది కాదు, అయితే సర్వస్వమూ కాదు. సంబంధముంటే చాలునన్న రోజర్స్ మాటకు ఈ లెక్క పూర్తిగా సాక్ష్యం చెప్పదు.

ఇక అల్ ఘర్రాఫాకు వద్దాము. ఇది అల్ రయ్యాన్ పురపాలక పరిధిలోనిది. విల్లాలు, కాంపౌండ్లు, పెద్ద పెద్ద దుకాణ సముదాయాలు, ఆ పేరుతోనే ప్రసిద్ధమైన ఫుట్‌బాల్ క్లబ్బు, ఆ పేరుతోనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం గల ప్రాంతం. ఖతర్‌లో విదేశీయులలో భారతీయులే ఎక్కువ. వారిలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు, గోదావరి జిల్లాలవారు, కడప, చిత్తూరువారు ఉన్నారు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని తెలంగాణ పల్లెలలో వలసకు మూడు మెట్లు చెబుతారు. ఆ మూడవ మెట్టులోనిదే ఈ ఖతర్.

2010 నాటి 15వ నంబరు చట్టం కుటుంబాలు నివసించే పేటలలో కూలీల వసతిగృహాలు ఉండరాదన్నది. అందువల్ల కట్టడాల పనివారిలో ఎక్కువమంది పారిశ్రామిక వాడలోనూ, ఊరి అంచులలోనూ ఉంటారు. ఘర్రాఫా వంటి పేటలో ఉండే వలసజీవి రెండు రకాలు. ఒకరు ఉద్యోగి, కుటుంబంతో వచ్చినవాడు. రెండవవారు ఆ విల్లాలలోనే ఉండి వంట, శుభ్రం, పిల్లల పెంపకం, కారు నడపడం చేసేవారు. కూలి లైనులో గది ఇరుకైనా పక్కన మనిషి ఉండేవాడు. విల్లాలోని పనిమనిషికి గది విశాలమైనా పక్కన తన మనిషి లేదు. ఇక్కడే నా ప్రశ్న మొదలవుతున్నది.

రోజర్స్ చెప్పిన ఆరు షరతులలో మొదటిదాన్ని ఎవరూ ఎక్కువగా తలచుకోరు. ఇద్దరు మనుషులు మానసికంగా ఒకరికొకరు తగలాలి, సంపర్కంలో ఉండాలి అన్నదే ఆ షరతు. రోజర్స్ దీనిని ఉన్నదే కదా అన్నట్టు చెప్పి మిగిలిన వాటికి వెళ్లిపోయాడు. తరువాత గ్యారీ ప్రౌటీ అనే అమెరికా చికిత్సకుడు తీవ్ర మానసిక వ్యాధులు గలవారితో పనిచేస్తూ, ఈ మొదటి షరతే నెరవేరని చోట ఏమి చేయాలని ఆలోచించి, చికిత్సకు ముందు చికిత్స అనదగిన ఒక పద్ధతిని కల్పించాడు. వ్యాధి వల్ల సంపర్కం తెగినవారిని గురించి ఆయన ఆలోచించాడు. వలస వల్ల సంపర్కం తెగినవారి సంగతి ఏమిటి? వారికి జబ్బు లేదు. వారి చుట్టూ భాష లేదు, వేళ లేదు, తలుపు లేదు. రోజర్స్ మీద నా ఆక్షేపణలు మూడూ ఈ మొదటి షరతునుంచే పుడుతున్నవి.

మొదటి ఆక్షేపణ భాషను గురించినది. బాధితుడు చెప్పినదాన్ని అద్దంలో చూపినట్టు తిరిగి అతనికే చూపడం రోజర్స్ విధానంలో ప్రాణం. అద్దానికి భాష రాకపోతే ఏమవుతుంది? మన భాషలో దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు, తెలంగాణవారి మనాది వేరు. దిగులుకు కారణముండనక్కరలేదు. బెంగకు మాత్రం ఒక మనిషో ఊరో కావాలి. తల్లికి దూరమైన బిడ్డ బెంగపెట్టుకుంటుంది. గుబులు రాబోయేదాన్ని గురించినది. మనాది లోపల లోపలే మనిషిని తినివేస్తుంది. పుట్టింట బిడ్డను వదిలి వచ్చిన ఒక స్త్రీ "గుండె గుబులుగా ఉన్నదండీ" అన్నదనుకుందాం. ఆ మాట ఇంగ్లీషులోకో అరబ్బీలోకో మారేసరికి అది గుండెదడగా మారి, ఆమెను ఇ.సి.జి. తీయించడానికి పంపినా ఆశ్చర్యం లేదు. "బెంగగా ఉన్నది" అంటే డిప్రెషన్ అని రాసుకుంటారు. బిడ్డ ఎక్కడున్నదని అడగవలసిన ప్రశ్న అక్కడే తప్పిపోతుంది.

ఇది కేవలం భాషాభిమానంతో అంటున్న మాట కాదు. అమెరికాలో అల్పసంఖ్యాక వర్గాలవారికి వారి సంస్కృతికి తగినట్టు మలచిన చికిత్సలను గురించి 76 అధ్యయనాలను కలిపి 2006లో పరిశీలించారు. మాతృభాషలో జరిగిన చికిత్సల ఫలితం ఇంగ్లీషులో జరిగిన వాటికంటె రెట్టింపుగా ఉన్నదని అందులో తేలింది. రోజర్స్ ఆరు షరతులు రాసినప్పుడు భాష అనే షరతు రాయలేదు. ఆయన గదిలో ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడేవారు కనుక ఆయనకు ఆ అవసరం కనిపించలేదు. చేప నీటిని గురించి మాట్లాడనట్టే ఇది కూడాను.

రెండవ ఆక్షేపణ అధికారాన్ని గురించినది. 1957 ఏప్రిల్ 18న మిచిగన్ విశ్వవిద్యాలయంలో రోజర్స్‌కూ, తత్త్వవేత్త మార్టిన్ బూబర్‌కూ మధ్య సభాముఖంగా ఒక సంవాదం జరిగింది. చికిత్సలో కలుసుకునే ఇద్దరూ ఆ క్షణంలో సమానులేనని రోజర్స్ వాదన. బూబర్ దీనిని మర్యాదగా కాదన్నాడు. అతడు మీ దగ్గరకు సహాయానికి వచ్చాడు, మీరు అతని దగ్గరకు రాలేదు, ఆ తేడాను మీ మంచితనం చెరపలేదన్నది ఆయన మాటల సారాంశం. ఈ సంవాదంలో నేను బూబర్ పక్షం. ఘర్రాఫాలో నిలబడి చూస్తే ఆ పక్షం ఇంకా బలపడుతుంది. చికిత్స గదిలోని అసమానత ఒకటైతే, గది బయటి అసమానత పది. పనిమనిషి ఆ గదిదాకా రావాలంటే వారంలో ఒక రోజు సెలవు కావాలి, బయటికి వెళ్లే స్వేచ్ఛ కావాలి, చెప్పినది యజమాని చెవిన పడదన్న ధైర్యం కావాలి.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఖతర్ చట్టాలు గత పదేళ్లలో మారాయి. 2016లో మానసిక రోగుల హక్కులను గురించి చట్టం వచ్చింది. 2017 నాటి 15వ చట్టం ఇంటి పనివారికి రోజుకు పది గంటలు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి మూడు వారాల జీతపు సెలవు నిర్ణయించింది. ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి కావాలన్న నిబంధనను 2020లో తొలగించారు. 2021 మార్చిలో నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలుకు వచ్చింది. కరోనా రోజులలో, 2020 ఏప్రిల్‌లో, మానసిక సహాయం కోసం 16000 అనే టెలిఫోను నంబరు ప్రారంభించారు. మన ముత్తాతలకు ఇందులో సగం ఉన్నా చాలామంది బ్రతికేవారు. అయినా చట్టం కాగితం మీద ఉండటం వేరు, మూసిన విల్లా తలుపు లోపల ఉండటం వేరు. గిర్మిటు కాగితాల మీద కూడా పని గంటలు రాసే ఉండేవి. మనిషి ఎదుగుదలను ఆపుతున్నది అతని మనసులోని ముడి కాక వాకిలి గడియ అయినప్పుడు, మనసు వినే విద్య ఒక్కటే చాలదు.

రోజర్స్ తన చివరి రోజులలో రాసిన ఒక ఉపమానమున్నది. తన చిన్ననాటి ఇంటి నేలమాళిగలో చలికాలానికి దాచిన బంగాళాదుంపలు చీకటిలోనే మొలకెత్తి, పాలిపోయిన మొలకలతో దూరాన ఉన్న చిన్న కిటికీ వైపు సాగేవట. ప్రాణిలోని ఎదుగుదల కాంక్షకు దీనిని ఆయన ఉదాహరణగా చెప్పాడు. ఉపమానం మనసుకు హత్తుకునేదే. అయితే మట్టి పని చేసిన వంశాలవాళ్లం మనం. మనకు వెంటనే తట్టే సంగతి ఒకటున్నది: నేలమాళిగలోని దుంప కిటికీ వైపు ఎంత సాగినా పంట కాదు. దానిని ఎవరో ఒకరు బయటికి తెచ్చి నేలలో నాటాలి.

మూడవ ఆక్షేపణ సలహాను గురించినది. 1964లో తీసిన ఒక శిక్షణ చిత్రంలో గ్లోరియా అనే స్త్రీతో రోజర్స్ సంభాషిస్తాడు. ఆమె విడాకులు పొందిన తల్లి. తన బిడ్డ అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పానని కుమిలిపోతూ, ఏమి చేయమంటారని సూటిగా అడుగుతుంది. రోజర్స్ చివరిదాకా చెప్పడు. సమాధానం ఆమెలోనే ఉన్నదని నమ్మి, ఆమె దానిని వెతుక్కునేలా పక్కన నిలుస్తాడు. ఆ ఓర్పు చూడదగినదే. అయితే పెద్దల మాట చద్దిమూట అని పెరిగిన తెలుగు మనిషికి, అడిగినా చెప్పనివాడు గౌరవిస్తున్నట్టు కనిపించడు, చేయి వదిలినట్టు కనిపిస్తాడు. పంజాబీ కవి, మానసిక వైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే దీనిని గురించి రాశాడు. పాశ్చాత్య చికిత్స మనిషిని స్వతంత్రుని చేయాలని చూస్తుందనీ, మన సంప్రదాయంలో ఆధారపడటం అవమానం కాదనీ చెప్పి, గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు ఒక నమూనాగా సూచించాడు.

బంధువుల సంగతి కూడా ఇటువంటిదే. రోజర్స్ గదిలో రెండే కుర్చీలు. అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో పిచ్చాసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను తెచ్చి వారితోపాటే ఉంచాడు. మన చిత్తూరు సరిహద్దున ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక విభాగంలో 1957నుంచీ కుటుంబసభ్యులు రోగివెంట ఉండటం ఆనవాయితీ. ఘర్రాఫాలోని ఒంటరి మనిషికి ఆ గుడారం వేసేదెవరు? సెల్‌ఫోను తెర మీద కనిపించే బిడ్డ ముఖం కొంత ఊరట, కొంత బెంగకు ఆజ్యం.

ఇన్ని ఆక్షేపణలు చేసి రోజర్స్‌ను తోసిపుచ్చుతున్నానా? లేదు. గురుశిష్య నమూనాలో కూడా ప్రమాదమున్నది. తెలిసినవాడినని కూర్చున్న గురువు ఎదుట బలహీనుడు మరింత బలహీనుడవుతాడు. "ఓర్చుకో తల్లీ, కర్మ" అన్న సలహాతో నోరు మూసుకున్న ఆడపడుచులు మన తోటలలో ఎందరో. ఆమెకు ఆనాడు సలహాకంటె ముందు కావలసినది తీర్పు చెప్పకుండా వినే ఒక చెవి. ఆ చెవి విలువను రోజర్స్ అంత బలంగా చెప్పినవారు అరుదు. ఆయన తన గదికే పరిమితమై కూడా ఉండలేదు. 1982లోనూ, 1986లోనూ దక్షిణాఫ్రికాకు వెళ్లి, వర్ణవివక్ష ఇంకా సాగుతున్న ఆ రోజులలో నల్లవారిని, తెల్లవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాడు. మన నాటాలు సోదరులకు ఆ పని ఎంత సాహసమో చెప్పనక్కరలేదు.

చికిత్సగా కూడా దాని బలం, పరిమితి రెండూ తెలిసినవే. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో డిప్రెషన్‌తో బాధపడే 510 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఆరు నెలలకు రోజర్స్ మార్గపు చికిత్స, ఆలోచనలను సరిదిద్దే సి.బి.టి. చికిత్సకు తీసిపోలేదు. ఏడాదికి మాత్రం వెనుకబడింది. కాబట్టి నా తీర్పు ఇది: రోజర్స్ చెప్పిన మూడు గుణాలు లేనివాడు వినడానికి తగడు. అయితే అవి ఉంటే చాలునన్నది, భాషా తలుపూ బంధువులూ ముందే ఉన్నవారికి మాత్రమే చెల్లే మాట.

ఈ లోటు పూడ్చడం సాధ్యమేనని ఆఫ్రికాలోనే చూపినవారున్నారు. జింబాబ్వే రాజధాని హరారేలో డాక్టర్ డిక్సన్ చిబాండా ప్రారంభించిన "స్నేహపు బల్ల" పథకంలో, ఆరోగ్యకేంద్రం ఆవరణలో ఒక చెక్క బల్ల వేస్తారు. దాని మీద చదువుకన్న అనుభవం ఎక్కువగా గల అవ్వలు కూర్చుంటారు. డిప్రెషన్ అనకుండా, షోనా భాషలో అతిగా ఆలోచించడం అనే అర్థమిచ్చే వాడుకమాటతోనే పలకరిస్తారు. విన్న తరువాత, ఈ వారం ఏ ఒక్క చిక్కు విప్పుదామని కలిసి ఆలోచిస్తారు. 573 మందితో చేసిన పరీక్షలో, ఆరు నెలలకు ఈ బల్ల మీద కూర్చున్నవారి బాధ మామూలు వైద్యం పొందినవారికంటె బాగా తగ్గినట్టు 2016లో ప్రకటించారు. ఇది అచ్చంగా రోజర్స్ పద్ధతి కాదు. ఆయన చెవిని ఉంచుకొని, తమ భాషను, పెద్దరికాన్ని, సలహాను దానికి చేర్చుకున్నది.

ఈ విమర్శ మనకెందుకో ఇప్పుడు చెప్పగలను. ఘర్రాఫాలోని విల్లాలో తెలుగు వినే చెవి లేక ఒకామె మౌనంగా ఉంటే, మన ఇళ్లలో మరొక మౌనమున్నది. తెలుగులో కలలు కనే చివరి తరం వృద్ధులు మన ఇళ్లలోనూ వృద్ధాశ్రమాలలోనూ ఉన్నారు. వారి మనుమలకు క్రియోల్, ఇంగ్లీషు, మలయ్ వచ్చును. "ఎలా ఉన్నారు అవ్వా" అని అడగడానికి తెలుగు వస్తుంది, ఆమె చెప్పే జవాబు అర్థం చేసుకోవడానికి రాదు. మన సభలు ఉగాదికి పద్యాలు కంఠస్థం చేయిస్తున్నాయి, మంచిదే. వాటితోపాటు దిగులుకూ బెంగకూ తేడా కూడా నేర్పాలి. వారానికొకసారి ఒక వృద్ధునిపక్కన కూర్చుని, దిద్దకుండా, తొందరపెట్టకుండా, ఆయన తెలుగును ఆయన వేగంలోనే వినడం మన యువకులకు పాఠంగా పెట్టాలి. రోజర్స్ గ్రంథం చదవగలిగినవారు చదవండి, చదవదగినదే. చదివి, ఆయన రాయడం మరచిన ఏడవ షరతును పుస్తకం చివర మీ చేత్తో రాసుకోండి: వినేవానికి, ఏడ్చేవాని భాష వచ్చి ఉండవలెను.